ముందు నీ జేబులు చూపించు

విమానాశ్రయంలో తనిఖీ కర్ర నా నడుము దగ్గర కుయ్యిమన్నప్పుడల్లా సామేలు వకీలు సారు గుర్తొస్తారు. కరీంనగర్ కోర్టులో పదకొండేళ్లు నేను ఆయన జూనియర్‌ని. మనిషి తాటిచెట్టంత. ఆయన గొంతెత్తితే పది మైళ్ల అవతల చొప్పదండిలో ఎడ్లు బెదిరేవి. తగ్గించే చెబుతున్నాను. ఎనభైల్లో ఒకసారి ఉట్నూరు దారిలో పోలీసులు మా జీపు ఆపారు. అందులో ఇరవై ఆరుగురం, నాలుగు మేకలు. ఒక కానిస్టేబుల్ ముసలవ్వ మూట మీద చెయ్యి వేయగానే సారు కిందికి దిగారు.

"ముందు నీ జేబులు సూపియ్యి తమ్మీ. అటెన్క మూట ముట్టుకో."

"నా జేబులెందుకు సారూ?"

"నీ జేబులది ఆమె మూటల పడకుంట. సోదా జేసెటోడు ముందు తనను సూపియ్యాలె. రేపు కోర్టుల నేనడిగే మొదటి మాట గిదే."

అతను జేబులు తిరగేశాడు. ఒక దువ్వెన, సగం కాల్చిన బీడీ రాలాయి. జీపంతా నవ్వింది, మేకలతో సహా. అవ్వ తన మూట తానే విప్పి చూపించింది.

తొంభైల్లో సారు పేగుకు ఆపరేషన్ చేసి, పొట్టకు మలం పట్టే సంచి ఒకటి అమర్చారు. రోగం తిరగబెడితే బొంబాయి డాక్టరుకు చూపిద్దామని నేనే విమానాశ్రయానికి వెంటబెట్టుకు వెళ్లాను. తడుముతున్న జవాను చెయ్యి ఆ సంచి మీద ఆగింది. అందరి ముందే చొక్కా ఎత్తమన్నాడు.

"ఆయుధం కోసం ఎతుకు, నేనొద్దంటలే. గానీ తెర సాటుకు తీస్కపో. రాజ్యాంగాన్ని చెప్పుల లెక్క బయట ఇడిసి రాలే గదా," అన్నారు సారు.

"టైం లేదు. ఎత్తండి."

సారు నా వైపు చూశారు. నా తలలో డాక్టరు ఇచ్చిన వేళ తప్ప ఇంకేమీ లేదు.

"జర ఊకోండి సారూ. విమానం పోతది."

ఊరుకున్నారు. చొక్కా ఎత్తారు. ఇక్కడ నేను ఏదీ పెంచి చెప్పడం లేదు.

విమానంలో ఒకే ఒక్క మాటన్నారు: "గా ముసలవ్వకు నేనుంటి. నాకు నువ్వున్నవనుకున్న."

బొంబాయిలో చేయగలిగింది ఏమీ లేదన్నారు. నెల తిరక్కుండానే సారు పోయారు.

మొన్న విమానాశ్రయంలో నా ముందు వరసలో ఒక ముసలాయన్ని చొక్కా ఎత్తమన్నారు. "తెర చాటుకు తీస్కపోన్రి," అన్నాను. నా గొంతుకు ఎడ్లు కాదు గదా, పక్కవాడు కూడా బెదరలేదు. మళ్లీ అన్నాను. మూడోసారీ అన్నాను. నన్ను పక్కన నిలబెట్టారు, ఆయన్ని తెర వెనక్కి తీసుకెళ్లారు. నా విమానం వెళ్లిపోయింది.

పోనీ.