పెలోరిన్యో గుట్ట మీద పన్నెండు రోజులు

దోహాలో, మదీనత్ ఖలీఫాలోని ఒక బ్రెజిల్ వాళ్ళ ఇంట్లో నాలుగేళ్ళు పని చేశాను. మాది రాయచోటి దగ్గర పల్లె. క్లారా మేడం ఇంజనీరు. ఆమె కూతురు నీనాను నెలల పిల్లప్పటి నుంచి నేనే పెంచాను. కంపెనీ కాంట్రాక్టు అయిపోయి మేడం సొంత ఊరికి వెళ్ళిపోతూ, పాప వాళ్ళ అవ్వకు, అంటే మేడం అమ్మకు, అలవాటయ్యేదాకా తోడు రమ్మంది. అక్కడ మేడం మళ్ళీ ఉద్యోగంలో చేరితే పగలంతా పాపను చూసుకోవలసింది ఆ అవ్వే.

వీసా, టికెట్టు మేడమే చూసుకుంది. మీలో ఎవరైనా వెళితే పసుపు జ్వరం టీకా ముందే వేయించుకుని, ఆ కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి.

ఉదయం ఏడున్నరకు విమానం ఎక్కితే సావో పాలోకు పదిహేను గంటలు. దిగేసరికి అక్కడి గడియారంలో ఇంకా సాయంత్రం నాలుగున్నరే. రాత్రికి హోటల్లో ఉండి, మర్నాడు తొమ్మిది గంటల విమానంలో సాల్వడార్ బయల్దేరాం. పక్కసీటు పెద్దాయన, నీనా నాతో మాట్లాడేది ఏ భాష అని మేడంను అడిగాడు. తెలుగంటే ఆయనకు తెలియలేదు.

సాల్వడార్‌లో కింద ఓడరేవు, పైన గుట్ట మీద పాత ఊరు. గుట్టను ఆనుకుని కట్టిన పెద్ద లిఫ్టులో పైకి వెళ్ళాం. ఆ పేటను పెలోరిన్యో అంటారు. రాళ్ళు పరిచిన ఎగుడుదిగుడు వీధులు, పసుపు, గులాబీ, నీలం రంగుల గోడలు. ఆ పేరుకు కొరడాతో కొట్టే స్తంభమని అర్థమట. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసలను అక్కడ కట్టేసి కొట్టేవారని మేడం చెప్పింది. ఆమె పెద్దలూ అలా వచ్చినవాళ్ళే.

అవ్వ పేరు నిల్డా. డెబ్బై ఏళ్ళు. తెల్ల లంగా, తెల్ల తలపాగా, మెడ నిండా పూసల దండలు. వీధి మూలన కూర్చుని అకరజే అనే వడలు అమ్ముతుంది. మొదటి రోజే ఆమె స్పూనుతో అన్నం పెట్టబోతే నీనా మూతి తిప్పుకుని నా ఒళ్ళోకి వచ్చింది. ఐదు రోజులూ అంతే. నిల్డా ప్లేటు తీసేటప్పుడు నా వైపు చూడడం మానేసింది.

ఆరో రోజు పొద్దున ఆమె వంటింట్లో నానిన అలసందలను నీళ్ళలో రుద్ది పొట్టు తేలుస్తోంది. అడగకుండానే పక్కన కూర్చుని నేనూ చేయి పెట్టాను. కాసేపటికి ఆమె ఏదో అంది.

"నీకెట్ట తెలుసని అవ్వ అడుగుతాంది," అంది నీనా.

"మా ఊర్లో గూడ అలసంద వడలు చేస్తామని చెప్పు."

నిల్డా నవ్వింది. రుబ్బిన పిండిని పొంగేదాకా చెక్క గరిటెతో గిలకొట్టి, ఎర్రటి పామాయిల్‌లో వేయించి, చీల్చి లోపల ఎండు రొయ్యలు, కారం పెట్టింది. బానిసత్వపు రోజుల్లో కొందరు ఆడవాళ్ళు ఇవే అమ్మి, కూడబెట్టి, తమను తాము విడిపించుకున్నారని నిల్డా చెబితే మేడం నాకు అర్థం చెప్పింది.

నేను కళ్ళెదుట ఉన్నంతకాలం పాప అవ్వ దగ్గరికి పోదని నాకు తెలుస్తూనే ఉంది. మంగళవారం సాయంత్రం, సరిగ్గా పాప తినే వేళకు, చర్చి చూసి వస్తానని బయటపడ్డాను. బానిసలు తమకోసం కట్టుకున్న నీలం రంగు చర్చి అది. లోపల డోళ్ళు వాయిస్తూ ప్రార్థన చేస్తున్నారు. నా మనసంతా ఇంట్లోనే ఉంది. పక్కనున్నామె నా చేయి పట్టుకుని ఏదో చెప్పింది. తలూపాను. ఏడింటిదాకా అక్కడే కూర్చున్నాను.

తిరిగి వచ్చేసరికి నీనా నిల్డా ఒళ్ళో ఉంది. మూతికంతా ఎర్ర నూనె.

"నువ్వు తింటివా సుబ్బమ్మా?" అని అడిగి, మళ్ళీ తినడంలో పడింది.

తిన్నానన్నాను. తినలేదు. అనుకున్నది జరిగింది, సంతోషమే. కానీ ఆ పూట నుంచి నా చేతులకు పని లేకుండా పోయింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం బయల్దేరుతుంటే నిల్డా నన్ను కావలించుకుని చెప్పిన మాటను మేడం మా ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది: "చిన్నపిల్ల, నిన్ను మరిచిపోతుంది. నీ గురించి నేను చెబుతూ ఉంటాను."

తిరుగు విమానంలో ఆలోచిస్తే, అంత దూరం పోయి నేను చూసింది ఒక గుట్ట, నాలుగు వీధులు, ఒక వంటిల్లు. సముద్రం దగ్గరికి పోనే లేదు. మళ్ళీ వెళ్ళే వీలుంటే ఆ నాలుగు వీధులకే వెళతాను.

మర్నాడు సాయంత్రం దోహాలో దిగాను. నాకు అక్కడే అల్ ముంతజా పేటలో ఒక ఇంట్లో కొత్తగా పని కుదిరింది. ఆ ఇంటి డ్రైవర్ మల్లేశం కారు తెచ్చాడు. జగిత్యాల అతను.

"అంత దూరం పోయినవు, ఏం జూసినవక్కా ఆడ?" అన్నాడు.

"పాపను వాళ్ళవ్వకు అప్పజెప్పి వచ్చినా," అన్నాను. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.

అతను లోపలి అద్దాన్ని పక్కకు తిప్పి, "ఏడ్చుకో అక్కా, నేను రోడ్డు దిక్కు జూస్తున్న," అన్నాడు.