వరిగడ్డి పలకల మాస్టారు

మొన్న ఆదివారం ఆరాధనకు బయలుదేరుతుండగా, మా గురువర్యులు ఏసురత్నం మాస్టారు పరమపదించారని ఫోన్ వచ్చింది. నమ్మలేక చెప్పినవాణ్ణే కసురుకున్నాను. ముందురోజు సాయంత్రమే ఆయన బుచ్చిరెడ్డిపాలెంలో తమ ఇంటి ముందు గడ్డి నానబెడుతూ నన్ను పలకరించారు. మందిరం గోడకు బిగించిన గడ్డి పలకల్లో చెదపట్టినదొకటి మార్చాలన్నారు. ఆ గడ్డి ఇంకా తొట్టిలోనే ఉంది.

హైస్కూల్లో నాకు విజ్ఞానశాస్త్రం బోధించిన ఆ మహనీయుడు, విశ్రాంత జీవితాన్ని ఒకే ఒక్క వ్యథను తీర్చడానికి ధారపోశారు. ఆయన సహధర్మచారిణి రూతమ్మగారికి వినికిడి మందగించింది. రేకుల కప్పున్న మా ప్రార్థనా మందిరంలో పాస్టరుగారి మాట గోడలకు కొట్టుకొని మార్మోగి, వెనుక వరుసకు చేరేసరికి ఒట్టి రొదయ్యేది. ఏళ్ల తరబడి కూర్చున్న చోటు వదిలి ముందుకు రావడానికి ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. అయితే గోడల్నే మారుస్తానన్నారు మాస్టారు.

కోతలయ్యాక పొలాల్లో తగలబెట్టే వరిగడ్డిని అడిగి తెచ్చుకునేవారు. తరిగి, నానబెట్టి, జిగురు కలిపి, చెక్క అచ్చుల్లో పలకలుగా ఒత్తి ఎండబెట్టేవారు. రెండు వేసవులు అదే తపస్సు. పలకలు గోడలకెక్కిన ఆదివారం రూతమ్మగారు ప్రసంగమంతా విన్నారు. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా దాన్ని భర్తకే తిరిగి అప్పజెప్పారట.

ఆ ఆనందాన్ని చెడగొట్టిన ఘనుణ్ణి నేనే. క్రిస్మస్‌కు మందిరానికి రంగులు వేయించడం మా ఆనవాయితీ. అందంగా ఉంటుందని పలకలకు కూడా దట్టంగా ఆయిల్ పెయింట్ కొట్టించాను. పండగనాడు పాత రొద తిరిగొచ్చింది. మాస్టారు పలకను చేత్తో తడిమి చూశారు.

"గడ్డిలో సందులుంటేనే గదా నాయనా, శబ్దం లోపలికి పొయ్యేది. నువ్వు వాకిలి మూసేసినావు," అన్నారు.

అంతకుమించి ఒక్క పరుషవాక్యం లేదు. మరునాడే మళ్లీ గడ్డి తరగడానికి కూర్చున్నారు. సిగ్గుతో చచ్చిపోయి, పలకలన్నీ పూర్తయ్యేదాకా నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. ఆ సహనమూర్తికి శిరసు వంచి నమస్కరించడం తప్ప ఏమిచ్చి ఋణం తీర్చుకోను? అలాంటి గురువు నాకు మళ్లీ దొరకరు.

అంతిమ ప్రార్థన ఆ గోడల మధ్యే జరిగింది. పాస్టరుగారి గొంతు గుసగుసలా వచ్చినా ప్రతి మాటా స్పష్టంగానే వినిపించింది. అందరూ లేచాక, వెనుక వరుసలోనే కూర్చుండిపోయిన రూతమ్మగారి దగ్గరికి వెళ్లి, వినబడిందా అమ్మా అని అలవాటుగా అడిగాను.

"అంతా ఇనపడింది నాయనా. ఈ ఒక్క దినం ఇనపడకుండా ఉండుంటే బాగుండు," అన్నారామె.