ఒక్క దెబ్బ

రెండేళ్ల కిందటి మాట. నయాపూల్ దగ్గర బస్సెక్కితే, కిటికీ పక్కన కూర్చున్న మనిషి జరిగి నాకు చోటిచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. కోర్టు వాయిదాకు వచ్చి వెళుతున్నానని తనే చెప్పాడు. ఏం కేసని అడిగాను.

"మా గల్లీల ఒకడు ఫోన్ కొట్టేసిండని పట్టుకున్నరు సార్. అందరు కొట్టిండ్రు, నేను ఒక్క దెబ్బే కొట్టిన. వాడు దవాఖానల చచ్చిపోయిండు."

"ఫోన్ అతనే తీశాడా?"

"లేదు. తెల్లారి ఆ ఫోన్, పోగొట్టుకున్నోని ఇంట్లనే దొరికింది." చిన్నగా నవ్వాడు. "నాకంటె ముందు ఇరవై మంది కొట్టిండ్రు. నా ఒక్క దెబ్బకే చచ్చిండా, మీరే చెప్పుండ్రి. గంత మందిల నాకెందుకు శిక్ష?"

నిజంగానే జవాబు కోసం నా మొహంలోకి చూశాడు. చనిపోయినతని పేరేమిటని అడిగాను.

"ఏమో సార్. వాయిదాకు పోయినప్పుడల్లా చదువుతరు. నేను యాది పెట్టుకోలే."

అతని మోచేయి నా చేతికి వెచ్చగా ఆనుకుని ఉంది. నేను దిగాల్సిన బహదూర్‌పురా ఇంకా రాలేదు, అయినా లేచి నిలబడ్డాను. వీడి పక్కన కూర్చోలేనని బస్సంతా వినపడేలా చెప్పాలనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది.

అంతలో అతను, కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఒక ముసలాయనను పిలిచాడు. "రా బాపు, కూసో. సార్ నీ కోసమే లేచిండు."

ముసలాయన నాకు దండం పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకోలుగా చూశారు. కాదని నేను చెప్పలేదు. దిగేదాకా మంచివాడిలాగే నిలబడ్డాను.