లంగరు పెళ్ళికి వచ్చిన జనం

కిందటి వారం మా మధురవాడ అపార్ట్‌మెంటుకు ఒక శుభలేఖ వచ్చింది. పై అంతస్తు అమ్మాయి పెళ్ళి. కార్డు తెరిస్తే లోపల గళ్ళు గళ్ళుగా బొమ్మల కథ. మొదటి గడిలో అబ్బాయీ అమ్మాయీ ఆఫీసు బస్సులో ఎదురుపడతారు, ఆఖరి గడిలో మనల్ని భోజనానికి పిలుస్తారు. "కొత్త ఐడియా కదా అంకుల్?" అంది పెళ్ళికూతురి చెల్లెలు. చాలా కొత్తగా ఉందమ్మా అన్నాను. పిల్ల ముఖంలో సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక ఆడిన అబద్ధం అది. బొమ్మల కథలో శుభలేఖ అచ్చేసి విశాఖపట్నం మొత్తాన్ని పెళ్ళికి పిలిచిన మనిషి నాకు డెబ్బైల చివర్లోనే తెలుసు.

ఈ ఊళ్ళో మగవాళ్ళందరూ ఒకరికొకరు బావలే. బస్ కండక్టరూ బావే, పళ్ళు పీకే డాక్టరూ బావే. అంతమంది బావల్లో తేడా తెలియాలని ఆయన్ని మేం నవలల బావ అనేవాళ్ళం. గోదావరి జిల్లా నుంచి పోర్టులో గుమాస్తా ఉద్యోగానికి వచ్చాడు. పగలు ఓడల్లోంచి దిగిన బస్తాల పట్టీలు రాయడం, సాయంత్రం నవలలు రాయడం. నేనప్పుడు ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. రచయిత్రుల నవలల కోసం అద్దె పుస్తకాల షాపుల ముందు జనం వరసకట్టే రోజులు కాబట్టి, పబ్లిషరు సలహా మీద ఆయన ఆడపేరు పెట్టుకున్నాడు. ఆ పేరుకు ఉత్తరాలు బస్తాలతో వచ్చేవి. "అక్కా, మీ చేతిరాత కూడా మీ మనసంత అందంగా ఉంటుందా?" అని ఒకావిడ రాసింది. ఇంకొకావిడ శ్రావణమాసంలో పసుపు, కుంకుమ, రవిక గుడ్డ పోస్టులో పంపింది. అందరికీ ఓపిగ్గా జవాబు రాసేవాడు. ఆ రవిక గుడ్డ వాళ్ళింట్లో వంటింటి కిటికీకి తెర అయింది.

వాళ్ళిల్లు అన్నాను కదా. పాతబస్తీలో అత్తరు కొట్టు మీద రెండు గదుల వాటా. మెట్లెక్కుతుంటే కింద నుంచి అత్తరు, పై నుంచి చేపల పులుసు, మధ్యలో టర్పెంటైను వాసన. టర్పెంటైను భాయ్‌ది. భాయ్ మరపడవల మీద పేర్లు రాసే పెయింటరు. ఆ వీధిలోనే పుట్టి పెరిగినవాడు. పడవ ముక్కు మీద ఆయన గీసిన కన్ను చూస్తే చేపలే ఎదురొస్తాయని జాలర్లు చెప్పుకునేవారు. నవలల బావ అద్దె గది వెతుక్కుంటూ వచ్చి భాయ్ ఉండే ఆ వాటాలో దిగాడు, ఇక కదల్లేదు.

ఒక ఆదివారం భోజనానికి పిలిస్తే వెళ్ళాను. చందువ చేప పులుసు. కడుపు నిండుతుంటే నోరు ఊరుకోదు కదా, అడిగేశాను. "పుస్తకానికో పెళ్ళి చేస్తావు, నీ పెళ్ళెప్పుడు బావా?"

ఆయన తాపీగా ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "నాదయిపోయి ఆరేళ్ళయింది బావా. అదిగో, వంటింట్లో పులుసులో ఉప్పు ఎక్కువేసినాయనే మావాడు."

వంటింట్లోంచి భాయ్ గొంతు వినబడింది. "ఉప్పు సరిగ్గానే ఉంది! పాడైపోనాది నీ నాలికే. ఆరేళ్ళు కాదు, ఏడు!"

నేను పళ్ళెం ముందుకు తోసి ఇంకో ముక్క వేయమన్నాను. భాయ్ రెండు వేశాడు. నా జీవితంలో ఎన్నో సంపాదకీయాలు రాశాను గానీ, ఆ రోజు ఇచ్చిన జవాబే వాటన్నిటికంటే బాగా కుదిరిందనుకుంటాను.

ఆ భోజనం తరవాతే వాళ్ళిద్దరూ కలిసి మా పత్రికకు రోజూ మూడు గళ్ళ బొమ్మల కథ మొదలుపెట్టారు. రాత బావది, గీత భాయ్‌ది. హార్బరులో ఒక గజ ఈతగాడు, పేరు లంగరు. లాంచీ నడిపే అతని జతగాడు చుక్కాని. ఇద్దరిదీ ఒకే గది, ఒకే కిరసనాయిలు స్టవ్వు. మునిగిన సరుకు తీయడం, దొంగసరుకు పట్టించడం, మధ్యలో కూర ఎవరు మాడ్చారని పోట్లాడుకోవడం. బావకు పోర్టులో ఏ ఓడ ఏ రోజు వస్తుందో తెలుసు గనక, నిజంగా వచ్చిన ఓడే ఆ ఉదయం పేపర్లోనూ వచ్చేది. ఊళ్ళో తుఫాను హెచ్చరిక ఉంటే బొమ్మలోనూ జెండా ఎగిరేది. ఓడల సరుకు దించే కళాసీలు పేపరు పట్టుకుని రేవుకెళ్ళి సరిచూసుకునేవాళ్ళు. ఓడ నిజం, రేవు నిజం, వాన నిజం అయ్యాక లంగరు మాత్రం అబద్ధమని ఎవరనుకుంటారు?

మూడేళ్ళు నడిచాక కృష్ణా జిల్లా నుంచి కొత్త ఎడిటర్ వచ్చాడు. మంచివాడే. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ ఆలోచనలు. ఒక రోజు నవలల బావను కూర్చోబెట్టి, నా ఎదుటే చెప్పాడు. "ఫ్యామిలీలు చదివే పేపరండీ మనది. ఈడొచ్చిన మగాళ్ళిద్దరు ఎన్నాళ్ళండీ ఒకే గదిలో? ఈ నెలలో లంగరుకు పెళ్ళి చేసి వేరు కాపురం పెట్టించండి. లేదంటే కథ ఆపేద్దాం."

బావ సరేనండీ అని బయటికొచ్చాడు. మెట్ల మీద నిలబడి సిగరెట్టు వెలిగించుకోవడానికి నాలుగు పుల్లలు గీశాడు. "నవలల్లో ఎంతమందికైనా పెళ్ళి చేస్తాను బావా. మా ఇల్లు మాకు కనబడేది ఆ మూడు గళ్ళల్లోనే. అది కూడా ఖాళీ చెయ్యమంటున్నాడు."

భాయ్ వారం రోజులు కుంచె ముట్టలేదు. తరవాత ముట్టాడు. పెళ్ళికూతురు వచ్చింది, నర్సు పిల్ల. చూపులయ్యాయి. చుక్కాని పక్కగడిలో ఒక్కడే కూర మాడ్చుకున్నాడు. ఆ పైన ఒక రోజు మూడు గళ్ళూ కలిపేసి శుభలేఖ వేశారు. ముహూర్తం ఆదివారం ఉదయం పది గంటలకు, వేదిక మన పత్రికాఫీసు ఆవరణ, ఆహ్వానించువారు ఎడిటర్ గారు. అది బావ పెట్టిన చురక. ఎడిటర్‌కు అది చురకలా అనిపించలేదు. మురిసిపోయి స్వయంగా సంతకం పెట్టి ప్రెస్సుకు పంపాడు.

ఆదివారం తొమ్మిదిన్నరకల్లా ఆఫీసు ముందు రోడ్డు నిండిపోయింది. కళాసీలు ఉతికిన చొక్కాల్లో వచ్చారు. జాలారిపేట ఆడవాళ్ళు పూలు పెట్టుకుని పిల్లల్ని చంకనేసుకొచ్చారు. ఎవరో సన్నాయి మేళాన్ని కూడా తెచ్చేశారు. చేతుల్లో స్టీలు బిందెలు, టీ గ్లాసుల సెట్లు, జంట దిళ్ళు, రిబ్బను కట్టిన కిరసనాయిలు స్టవ్వు. వాచ్‌మన్ గేటు వేయబోతే ఒక పెద్దాయన కేకలేశాడు. "ఓరి బావా, పెళ్ళికి పిలిసి తలుపేసేత్తావేటి?"

ఎడిటర్ స్టూలెక్కి, ఇది కేవలం కల్పన అని వివరించాడు. జనం శ్రద్ధగా విన్నారు. విన్నాక ఒకాయన అడిగాడు, "అదంతా బాగానే ఉంది గానీ, పెళ్ళికొడుకేడి బావూ?"

చేపలమ్మే ఒక పెద్దావిడ అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది. తలమీది బిందె కింద పెట్టింది. "పెళ్ళికొడుకు సంగతి తరవాత. ఓ మాట అడగడానికొచ్చినాను. లంగరు పెళ్ళాంతో ఎల్లిపోతే మా సుక్కాని ఏటైపోతాడు? నాలుగు రోజుల్నించి మాడిన కూరే తింతన్నాడు, నాను సూత్తన్నాను కదా!"

"ఏటో ఒకటవుతాడమ్మా, ఆడికీ ఓ సంబందం సూద్దురు," అన్నాడెవడో.

"నీ మొకం! ఆడికి సంబందమెందుకురా? ఆల్లిద్దరికీ ఇల్లుంది, పొయ్యుంది. దెబ్బలాడుకుంతారు, మల్లీ ఒక్క పల్లెంలో తింతారు. కాపరమంటే ఇంకేటి? సక్కగా ఉన్న కాపరం మద్దిలోకి ఆ గుంటనెందుకు తోత్తారు? దాని బతుకూ పాడు!"

సన్నాయి ఆగిపోయింది. ముందు ఆడవాళ్ళు నిజమే నిజమే అన్నారు, తరవాత కళాసీలు అందుకున్నారు. నేను బావ వైపు చూశాను. గోడవారన భాయ్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఇరవై నవలలు రాసిన మనిషి తన గురించి ఒక్క వాక్యం రాయలేకపోయాడు, దాన్ని ఒక చేపలావిడ నడిరోడ్డు మీద గట్టిగా చెప్పేసింది. భాయ్ జేబురుమాలు తీసి తను తుడుచుకుని, అదే ఆయనకిచ్చాడు.

ఎడిటర్ స్టూలు దిగాడు. జనాన్ని చూశాడు, స్టవ్వును చూశాడు. "ఏవండీ, పెళ్ళి తప్పించి ఇంకో ఇరవై ఏళ్ళు నడపగలరా?" అని బావను అడిగాడు. భాయ్ అక్కడే టెలిప్రింటరు కాగితం వెనక మర్నాటి బొమ్మ గీశాడు. పెళ్ళిపందిట్లోంచి లంగరు లాంచీలోకి దూకుతున్నాడు, చుక్కాని ఇంజను లాగుతున్నాడు, రేవులో నర్సు పిల్ల హాయిగా నవ్వుతూ చెయ్యూపుతోంది.

కథ ఇరవై ఏళ్ళు నడవలేదు గానీ, ఉక్కు ఫ్యాక్టరీ లేచేదాకా నడిచింది. ఆ ధైర్యంతో బావ ఆడపేరు వదిలేసి, అత్తరు కొట్టు మీద ఉండే ఇద్దరు మగవాళ్ళ ప్రేమ మీద సొంత పేరుతో నవల రాశాడు. తక్కువమంది చదివారు. చదివినవాళ్ళు మాత్రం ఆయన్ని వదల్లేదు, ఇంటికే వచ్చేవాళ్ళు.

ఆ ఆదివారం తెచ్చిన కానుకలు వెనక్కి తీసుకోమంటే ఎవరూ ఒప్పుకోలేదు. పెళ్ళికని తెచ్చినవి తిరిగి పట్టుకెళ్ళకూడదట, మీరే ఉంచుకోండన్నారు. రిక్షాలో బిందెలూ గ్లాసులూ సర్ది, పైన దిళ్ళు పెట్టి, వాటి మధ్య ఇద్దర్నీ కూర్చోబెట్టారు. సన్నాయి వాళ్ళకు వేరే పని లేక పాతబస్తీ దాకా వాయించుకుంటూ ముందు నడిచారు. తరవాత చాలా ఏళ్ళు వాళ్ళిద్దరూ తమ కాపురానికి ఎన్నేళ్ళన్న దాని మీద ఏడాది తేడాతో వాదించుకుంటూనే ఉన్నారు. నన్ను తీర్పు చెప్పమనేవారు. నేను మాత్రం ఎప్పుడూ ఆ రిక్షా కదిలిన నిమిషం నుంచే లెక్కపెట్టాను. కాలం అందరికీ ఒకేలా నడుస్తుంది గానీ, ఎక్కణ్ణుంచి మొదలైందో చెప్పడానికి చూసినవాళ్ళు కావాలి.