మెనూలో వెనక్కి తీసుకున్న చెయ్యి

సన్నాయి మొదలవుతుంది. ఒక మెలిక తిరుగుతుంది. పై స్వరాన్ని అందుకోబోయే చోట పుటుక్కున తెగిపోతుంది. రెప్పపాటు నిశ్శబ్దం, మళ్లీ మొదటినుంచి అదే సన్నాయి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనక సందులో, ఒక మేడగది కిటికీలోంచి ఆ పొద్దున ఆ ముక్కే పదేపదే రాలుతోంది. కింద వసారాలో బియ్యం చెరుగుతున్న హజరాబీ చేట ఆపి తల ఎత్తింది.

"రేష్మా! ఆ సన్నాయాయన ఊపిరాడక సస్తాండాడే. ముందుకన్నా నడిపియ్యి, లేకుంటే ఆపన్నా ఆపు!"

పైన గదిలో ఉన్నది ఆమె కూతురు. రేష్మా కంప్యూటర్ ముందు నిలబడి ఉంది. చేతిలోని టీ మీద మీగడ కట్టింది.

రేష్మాది మిక్సింగ్ పని. ఫొటోగ్రాఫర్లు తీసుకొచ్చిన పెండ్లి వీడియోలను కత్తిరించి, అతికించి, పాటలు కలిపి డిస్కు చేసి ఇస్తుంది. అది డీవీడీయే అయినా అందరూ సీడీ అనే అంటారు. టీవీలో డిస్కు వేయగానే ముందు మెనూ వస్తుంది. నలుగు, ముహూర్తం, తాంబూలాలు, అప్పగింతలు: నాలుగు చాప్టర్లకు నాలుగు చిన్న గళ్లు. ఏ గడి నొక్కితే ఆ ఘట్టం. మిగతావాళ్ల మెనూల్లో గళ్లు ఫొటోల్లా బిగుసుకుని ఉంటాయి. రేష్మా గళ్లలో మనుషులు కదులుతారు. పదిహేను సెకన్లు కదిలి, మళ్లీ మొదటికొచ్చి కదులుతారు. జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ ఆమెను వెతుక్కుంటూ వచ్చేది ఆ కదలిక కోసమే.

అయితే మిక్సింగ్ చేసేవాళ్లెవరూ మెనూను నిలబడి చూడరు. అది వచ్చీ రాకముందే బటన్ నొక్కి లోపలికి పోతారు. ఆ పొద్దున తన దగ్గరుంచుకున్న కాపీని సరిచూద్దామని వేసి, టీ కోసం కిందికి దిగి, అమ్మతో మాటల్లో పడింది కాబట్టి గానీ, లేకుంటే రేష్మా కూడా చూసేది కాదు.

మూడో గడిలో పెండ్లికొడుకు తండ్రి నారాయణరెడ్డి తాంబూలం పళ్లెం చాపుతున్నాడు. పెండ్లికూతురి తండ్రి ఓబుళరెడ్డి చెయ్యి ముందుకొచ్చింది. పళ్లెం అంచు దాకా వచ్చి, వెనక్కి పోయింది. సన్నాయి తెగింది. మళ్లీ పళ్లెం. మళ్లీ చెయ్యి. మళ్లీ వెనక్కి.

ఆ ఇద్దరిదీ ఒకప్పుడు పులివెందుల దగ్గర ఒకే పల్లె. వరసకు బావాబామ్మర్దులు. ఒక బోరు దగ్గర మొదలైన మాట కట్టెలతో కొట్టుకునే దాకా పోయి, నారాయణరెడ్డి భూములు అమ్ముకుని జమ్మలమడుగు పక్క మైలవరం డ్యాం నీళ్లు పారే ఊరికి వెళ్లిపోయాడు. ఒకరు వచ్చిన శుభకార్యానికి మరొకరు రాలేదు. పిల్లలు ఇష్టపడి పట్టుబట్టాక ఇన్నేళ్లకు ఒక పందిట్లో నిలబడ్డారు. సీడీ వచ్చిన రోజు వియ్యంకులను భోజనానికి పిలిచి, అందరూ కలిసి కూర్చుని చూడటం అక్కడ మర్యాద. ఆ భోజనం ఆ రోజే, ఆ పాత పల్లెలోనే, ఓబుళరెడ్డి ఇంట్లో. ఫొటోగ్రాఫర్ నరేష్ డిస్కు తీసుకుని తెల్లవారే బయలుదేరాడు.

అసలు వీడియోలో చెయ్యి వెనక్కి పోయాక ఓబుళరెడ్డి రాయిలా నిలబడిపోయాడు. పక్కనున్న భార్య లక్ష్మీకాంతమ్మ మోచేత్తో డొక్కలో పొడిచింది. అప్పుడే ఆయన చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని, రెండు చేతులా పళ్లెం అందుకున్నాడు. ఆ రాయినీ ఆ మోచేతినీ రేష్మా చాప్టర్లో తీసేసింది. తడిచెయ్యి తుడుచుకుని తీసుకున్నట్టే ఉంటుంది చూసేవాళ్లకు. కానీ మెనూ గళ్లను హడావుడిలో అసలు వీడియోలోంచే కోసింది. పదిహేను సెకన్లు సరిగ్గా చెయ్యి వెనక్కి పోయిన చోట అయిపోయాయి.

ఫోన్ చేసింది.

"నరేషూ, యాడుండావు?"

"ఓబుళరెడ్డి మామోళ్లింట్లో. పొట్టేలు కూర శానా బాగుందక్కా."

"సీడీ వెయ్యొద్దు. గీతలు పడినాయని చెప్పు. నేనొస్తాండా."

"ఏందక్కా? ఇనపడల్యా..." లైను పోయింది. మళ్లీ కలవలేదు.

మెనూ మార్చి కొత్త డిస్కు రాయడానికి కూర్చుంది. తెరమీద ఆకుపచ్చ గీత చీమలా పాకింది. అది పాకుతుండగానే ఒక బస్సు పోయింది. రాసిన డిస్కు సంచిలో పెట్టి, బురఖా వేసుకుంటూ మెట్లు దిగుతుంటే హజరాబీ అడ్డం నిలబడింది.

"పెండ్లి వాళ్లదే, పరుగు నీదేందే?"

"వాళ్లు మళ్లా కొట్టుకుంటే చేసింది నేనే అయితానమ్మా. జరుగు."

ఎర్రగుంట్ల దాటాక నాపరాళ్ల దుమ్ము కిటికీలోంచి వచ్చి ఒళ్లో కూర్చుంది. ముద్దనూరులో డ్రైవర్ దిగి తీరిగ్గా బోండాలు తిన్నాడు. రేష్మా కళ్లు మూసుకుంటే ఒక చెయ్యి, తెరిస్తే ఎండ. లోకంలో ఒకసారే జరిగిపోయే దాన్ని తాను ఆగకుండా జరిగేలా చేసింది. మనిషి ఒక్క క్షణం తడబడితే ఆ క్షణం పోతుంది, మరుపు దాన్ని కడుగుతుంది. తన మెనూకు మరుపు లేదు.

పులివెందులలో ఆటో ఎక్కి ఆ పల్లె చేరేసరికి గుమ్మంలోనే సన్నాయి వినిపించింది.

హాలు నిండా మనుషులు. లోపల గిన్నెల చప్పుడు కూడా ఆగింది. రిమోట్‌లో సెల్లులు అయిపోతే నరేష్ కొనుక్కురావడానికి అంగడికి పోయాడట. ఈలోగా పెద్ద టీవీలో మెనూ తనపాటికి తాను తిరుగుతోంది. ఓబుళరెడ్డి తల దించుకుని కూర్చున్నాడు. నారాయణరెడ్డి తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

"ఏం బావా, నా తాంబూలం అంత కాలిందా నీ చేతికి? పది మందినీ పిలిచి చూపిస్తాండావు."

"కూచో బావా. అది వాళ్లెట్ట జేసినారో నాకేం తెలుసు."

"చెయ్యి నీదే గదా?"

రేష్మా ఎవరినీ పలకరించలేదు. చెప్పులు విడిచి నేరుగా టీవీ కిందున్న ప్లేయర్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. రిమోట్ లేకున్నా ప్లేయర్ మొహం మీద బటన్లుంటాయి. ఇప్పుడు డిస్కు మారిస్తే దాచినట్టే ఉంటుందని, తెచ్చినదాన్ని సంచిలోనే ఉంచి ప్లే నొక్కింది. నలుగు వచ్చింది. ముందుకు నొక్కింది. ముహూర్తం. ఇంకోసారి నొక్కింది.

పళ్లెం వచ్చింది. చెయ్యి వెళ్లింది, వెనక్కి పోయింది. ఈసారి తెగలేదు. చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని, రెండు అరచేతులూ దోసిలిగా పళ్లెం కిందికి వచ్చాయి. సన్నాయి పైస్వరం అందుకుంది.

"తప్పు నాది పెద్దాయనా," అంది రేష్మా నారాయణరెడ్డి వైపు తిరిగి. "గడిలో సగమే పట్టింది."

ఆయన టీవీలోని దోసిలి వైపు చూశాడు. తువ్వాలు భుజం మీంచి తీసి కుర్చీ మీద వేసి, దాని మీదే కూర్చున్నాడు.

"చెయ్యి కడుక్కుని తుడుచుకోకుండానే పెండ్లికి వచ్చినావా బావా? నీ బుద్ధి మారల్యా."

ఎవరో నవ్వారు. లోపల గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది.

తిరిగి వస్తుంటే ఓబుళరెడ్డి గేటు దాకా వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"నడమ కొంచెం లేదు గదమ్మా. మా ఆమె పొడిచింది."

"మిక్సింగ్‌లో తీసేసినా."

"చెరిపేసినావా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "లేదు పెద్దాయనా. ఉంది."

ఆయన గేటు ఇనుప చువ్వను బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. "ఉండనీ. ఆయమ్మ పొడవకపోతే నేను తీసుకునేవాణ్ని గాదు. మా వాళ్లకు చూపియ్యాకు. చెరపనూ వద్దు."

ఇప్పుడు సీడీలు అడిగేవాళ్లు లేరు. రేష్మా అదే గదిలో పాత పెండ్లిళ్లను పెన్‌డ్రైవులకు ఎక్కించి ఇస్తోంది. ఆ ముక్క ఆమె దగ్గరే ఉంది. ఈ కథ రాయడానికి ఆమె దగ్గరికి వెళ్లిన నాకు కూడా చూపించలేదు. నన్ను సాగనంపుతూ మెట్ల దాకా వచ్చి మాత్రం అంది:

"ఊరి పేరు, మనుషుల పేర్లు మార్చి రాయండి సార్. ఆయమ్మ మోచెయ్యి మాత్రం ఉండనీండి."