తలుపు తీసింది నేనే

ఆ బజారులో ఆయన పేరుతో ఎవరికీ పనిపడలేదు. తాళాలాయన అంటే చాలు. దుకాణాల మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలే చోట, ముప్పై ఏళ్లుగా కూర్చుని తాళాలు బాగుచేశాడు. తాళానికి చెవి ఆనించి, సన్నటి కడ్డీ లోపలికి పోనిచ్చి తిప్పుతూ తనలో తానే మాట్లాడుకునేవాడు. "దీనికి కాస్త మొండితనం ఎక్కువ" అనేవాడు. అది తాళం గురించో, క్యారియర్ తెచ్చి పక్కన నిలబడ్డ భార్య గురించో వినేవాళ్లకి తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా మనిషొకడు చెమటలు కక్కుతూ వచ్చాడు. భార్య పుట్టింటికి వెళ్లిందట, తాళంచెవి లోపలే ఉండిపోయిందట. తాళాలాయన అతని వెంట వెళ్లి, రెండో అంతస్తులో నాలుగు నిమిషాల్లో తలుపు తీశాడు. ఆ మనిషి తిన్నగా వంటింట్లోకి నడిచి, చల్లటి నీళ్లు తెచ్చి ఇచ్చాడు. అంత తెలిసినట్టు తిరిగేవాణ్ణి అనుమానించడానికి ఏముంది? ఎప్పటిలాగే తన ఫోన్ నంబరున్న చీటీ తలుపుకి అంటించి వచ్చేశాడు.

నాలుగోరోజు ఎవరో పెద్దావిడ ఫోన్ చేసింది. తాళం మార్చాలి, రమ్మంది. వెళ్లి చూస్తే అదే తలుపు.

"మీవారు ఊళ్లో లేరామ్మా?" అన్నాడు మాటవరసకి.

"ఆయన పోయి ఆరేళ్లయింది. ఎందుకు?"

ఆవిడ రిటైరైన నర్సు. చెల్లెలి ఇంట్లో వారం ఉండి ఆ ఉదయమే తిరిగొచ్చింది. వెనకాల బీరువా బార్లా తెరిచి ఉంది, చీరలు నేలమీద కుప్పగా పడున్నాయి. వాళ్లమ్మ ఇచ్చిన గాజులు పోయాయి. తాళానికి గీత కూడా పడలేదు, దొంగ ఎలా వచ్చాడో తెలియడం లేదని చెబుతోంది ఆవిడ.

తాళాలాయన సంచీ కింద పెట్టాడు. నోరు మూసుకుని కొత్త తాళం బిగించి పోవచ్చు. అడిగేవాళ్లెవరూ లేరు. గడప మీద కూలబడ్డాడు.

"తలుపు తీసింది నేనేనమ్మా. మీవారే అనుకున్నాను."

సాయంత్రానికి పోలీసులొచ్చారు. పనిముట్ల సంచీ మూటగట్టి, చీటీ కట్టి తీసుకుపోయారు. వారం తిరక్కుండా ఇస్త్రీ చొక్కావాడు దొరికాడు. ఫ్యాన్లు బాగుచేసేవాడు, ఆ ఇంటికి రెండుసార్లు పనికి వచ్చినవాడు. తన మీది నేరం బరువు తగ్గించుకోవడానికి "ఆ తాళాలాయనకీ ఇందులో పాలుంది" అన్నాడు. అంతే, తాళాలాయన రెండో ముద్దాయి అయ్యాడు. రెండు రోజులు లోపల ఉన్నాక, బావమరిది జామీను ఉంటే బెయిలొచ్చింది. ప్రతి సోమవారం స్టేషన్‌లో సంతకం చెయ్యాలి, ఊరు దాటకూడదు.

కోర్టు ఇచ్చిన లాయరు చిన్నమ్మాయి. ఛార్జిషీటు ఆయన ముందు పెట్టి ఓపిగ్గా చెప్పింది. "ఇందులో రాసిందంతా పోలీసుల మాట, బాబాయ్‌గారూ. కోర్టులో రుజువైతేనే నేరం. మీమీద రెండు పెట్టారు. ఇల్లు పగలగొట్టి చొరబడటం, ఇద్దరూ కలిసి దొంగతనం చెయ్యడం. రెండూ నిలబడితే ఏళ్ల తరబడి జైలు."

"నేనేదీ పగలగొట్టలేదమ్మా!"

"దొంగతనం కోసం తాళం తెరిచినా చట్టం దృష్టిలో పగలగొట్టినట్టే. తెలిసి తీశారా, తెలియక తీశారా అన్నదాని మీదే కేసంతా ఉంది." ఛార్జిషీటు మూసి, "ఇంకో దారి ఉంది. ఒప్పుకుంటే, మొదటిసారి కాబట్టి జైలు లేకుండా వదిలే అవకాశం ఉంది. హామీ ఇవ్వలేను. కానీ దోషి అన్నమాట మాత్రం రికార్డులో ఉండిపోతుంది" అంది.

బావమరిది ఎగిరి గంతేశాడు. "ఒప్పేసుకో బావా, పీడ వదిలిపోతుంది! నువ్వు వాయిదాకి పది నిమిషాలు ఆలస్యమైతే ఇక్కడ నా గుండె జారిపోతోంది."

"దొంగనని రాయించుకున్న మనిషిని ఎవరు గుమ్మం తొక్కనిస్తార్రా?" అంది అతని అక్క, తాళాలాయన భార్య.

తాళాలాయన మాత్రం లాయరు వంకే చూస్తున్నాడు. "ఎవరయ్యా నువ్వు, రుజువేదీ అని నేనడగలేదు. అది తప్పు కాదా తల్లీ?"

"అది పొరపాటు. నేరం వేరు."

ఆ జవాబు ఆయనకి ఆనలేదు.

మొదటి విచారణ రోజు ఆరోపణలు చదివి, నేరం ఒప్పుకుంటున్నారా అని జడ్జిగారు అడిగారు. "తలుపు తీసింది నేనేనండీ" అన్నాడు. లాయరు చేతిలో పెన్ను ఆగిపోయింది. "కానీ దొంగతనానికి తియ్యలేదు." నేరం ఒప్పుకోనట్టే రాసుకున్నారు.

అక్కణ్ణుంచి రెండేళ్లు వాయిదాలే. తాళం పట్టుకుని వచ్చేవాళ్లు మానేశారు. మెట్ల కింద గొడుగులు బాగుచేస్తూ కూర్చున్నాడు. కేసున్న మనిషికి వాచ్‌మన్ పని కూడా ఎవరూ ఇవ్వలేదు. సోమవారం వస్తోందంటే ఆదివారం నుంచే అన్నం సయించేది కాదు.

చివరికి నర్సమ్మ బోనెక్కింది. తాళాలాయన తీశాడని మీకెవరు చెప్పారని లాయరు అడిగింది.

"ఆయనే చెప్పాడు. నేను అడగలేదు కూడా."

"మీకు ఆయన నంబరు ఎలా దొరికింది?"

"మా తలుపు మీదే అంటించి ఉంది."

జడ్జిగారు తలెత్తి ముద్దాయిని ఒకసారి చూశారు. ఫ్యాన్లవాడికి మూడేళ్లు పడింది. తాళాలాయనని సంశయ లాభం కింద విడుదల చేశారు.

"అంటే నేను చెయ్యలేదనేగా?" అన్నాడు ఆశగా, బయటికొచ్చాక.

లాయరు తటపటాయించింది. "చేశారని రుజువు కాలేదని."

బావమరిది మిఠాయి కొనడానికి పరిగెత్తాడు. వరండా చివర బల్లమీద నర్సమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. తాళాలాయన వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అడగాల్సిందమ్మా నేను. ఒక్కమాట అడగాల్సింది."

"అవును, అడగాల్సింది" అందావిడ. గొంతులో కోపం లేదు, ఊరడింపూ లేదు. "వాడు గాజులు కరిగించేశాడట." సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది.

నెల తర్వాత పనిముట్లు తిరిగొచ్చాయి. కడ్డీలు తుప్పుపట్టాయి, ఆకురాయి ఒకటి కనపడలేదు. ఇప్పుడు ఎవరు పిలిచినా ముందు పక్కింటివాళ్లని రప్పిస్తాడు, ఇంటి కాగితమో, ఆ ఇంట్లో దిగిన ఫోటోనో చూపించాలంటాడు. కొందరు చిరాకుపడి, ఇంకొకణ్ణి చూసుకుంటామని వెళ్లిపోతారు. పోనిస్తాడు. ఉన్నవాళ్లకి తలుపు తీస్తాడు గానీ, లోపల్నుంచి నీళ్లు తెచ్చిస్తే మాత్రం పుచ్చుకోడు.