ఫెవ్రోనియా చదివిన నీళ్లు

ఫెవ్రోనియా కుద్రిన్ అలూషియన్ దీవుల్లోని ఒక చిన్న రేవులో ముప్పై ఒక్క ఏళ్లు నీటిమట్టం చదివింది. ఒడ్డున బండకు బిగించిన అంకెల పలక చూసి, రోజూ ఉదయం ఎనిమిదింటికి నీళ్లు ఎంతవరకు ఉన్నాయో పుస్తకంలో రాసేది. పక్కనే చెక్క జెట్టీ మీద మా యంత్రమూ అదే కొలిచేది. రెండూ సరిపోతేనే పటాల్లో మేం వేసే లోతులకు విలువ.

మాది సముద్రాన్నీ గాలినీ కొలిచే యూనిఫాం కొలువు. తుపాకులుండవు. "యుద్ధమేమైనా వచ్చిందా, నేవీ అబ్బాయీ?" అని ఆమె నన్ను చూసిన ప్రతిసారీ ఏడిపించేది.

"నేవీ కాదు ఆంటీ."

"మరి భుజాల మీద ఆ పట్టీలెందుకు, చేపల్ని భయపెట్టడానికా?"

ఊరందరికీ ఆమె ఆంటీయే. తన పడవలో తనే వెళ్లి వల వేసేది. పట్టిన సాల్మన్‌ను పొగబెట్టి, ఒక పొట్లం నా చేతిలో పెట్టకుండా ఓడ ఎక్కనిచ్చేది కాదు.

ఒక వేసవిలో వెళ్లేసరికి ఆమె రాసిన అంకెలు యంత్రం కన్నా అర అడుగు తక్కువున్నాయి. చలికాలం నుంచీ రోజూ అంతే. అప్పుడేం చేయాలో నాకు కంఠతా వచ్చు. బండలో ఎత్తు గుర్తుగా పాతిన ఇత్తడి బిళ్ల దగ్గర నుంచి, ఎత్తుల తేడా చూపే లెవెలు పెట్టి రెండింటినీ సరిచూడాలి. రెండు గంటల పని. వాన పడుతోంది, ఓడ ఐదింటికి బయల్దేరుతుంది. బద్ధకించాను. ఆమె పుస్తకంలో ఎర్ర సిరాతో 'చదివినవారి పొరపాటు' అని రాసి సంతకం పెట్టాను.

"నా కళ్లంటావా?" అంది.

"అరవై ఎనిమిదేళ్లొచ్చాయి కదా ఆంటీ, ఎవరికైనా తప్పదు" అన్నాను, పెద్ద దయ చూపిస్తున్నట్టు. ఆమె వాదించలేదు. ఆ రోజుతో చదవడం మానేసి, పుస్తకం నాకే ఇచ్చేసింది.

తర్వాత నన్ను ఒడ్డు మీద పనికి మార్చారు. నాలుగేళ్లకు మళ్లీ అదే ఓడ, అదే రేవు. ఆ రోజు ఎండగా ఉంది, లెవెలు పెట్టాను. బండ కదల్లేదు, పలకా కదల్లేదు. మా యంత్రమున్న జెట్టీయే అర అడుగు కుంగింది, అందుకే అది నీళ్లను అంత ఎక్కువ చూపించింది.

పాత పుస్తకం వెతికి తీసి, నా రాత కొట్టేసి, మళ్లీ సంతకం చేసి ఆమె ఇంటికి పట్టుకెళ్లాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆమె కళ్లద్దాలు లేకుండానే, చివరి తేదీ దాకా గడగడా చదివేసింది.

"అయితే నా కళ్లు బాగానే ఉన్నాయన్నమాట."

"బాగున్నాయి ఆంటీ. తప్పు నాది. క్షమించండి."

"పలకే కనపడనిదానికి నీళ్లలో రాళ్లేం కనపడతాయిలే అనుకున్నాను. ఆ వారమే పడవ అమ్మేశాను. నిన్ను ఒక్కసారైనా అనుమానించలేదురా."

"మళ్లీ కొందాం ఆంటీ, నేను చూస్తాను."

"డెబ్బై రెండేళ్లకా? చేతులు మర్చిపోయాయి."

ఆమె లేచి టీ పెట్టింది. రొట్టె తెచ్చింది. అల్మారాలోంచి సాల్మన్ డబ్బా తీసి, మూత కోసి నా ముందుకు జరిపింది.

"తిను, నేవీ అబ్బాయీ. కొట్లో కొన్నదే."